పాత కంప్యూటరు - ప్రోగ్రాముల పొరపొచ్చములు

రెండు ప్రోగ్రాములు రెండు కంప్యూటరులలో చక్కగా పనిచేయుచుండును. వానిని ఒకే కంప్యూటరులో చేర్చినంతనే ఒకటి మొరాయించును. ఒక్కొక్కప్పుడు రెండును మొరాయించును. యంత్రము చెడలేదు. ప్రోగ్రాములలో ఏదియు తనంతట తాను చెడలేదు. చెడినది వాని పొత్తు. ఇట్టి పొరపొచ్చములు ఎందువలన కలుగుచున్నవో, వానిని కనిపెట్టు క్రమమెట్టిదో, ఆ పనికి దిగుటకు ముందు మనము కాపాడుకొనవలసినది యేమో ఈ ప్రసంగములో ముచ్చటింపదలచినాము.

ఒక పాత కంప్యూటరు కొరకు ఇంత ప్రయాస యెందులకు, కొత్తది కొనుక్కొనరాదా అని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. ఖిలా వరంగల్ వైపు వచ్చి చూచినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును. కాకతీయుల రాతికోట లోపల నేటికిని జనులు కాపురముండుచున్నారు. పడమరకోట, మధ్యకోట, తూర్పుకోట అను ఆ వాడలవారికిని, వెలుపలి వరంగల్లు బజారులవారికిని పెండ్లి శుభలేఖలు, జాతర కరపత్రములు, సంఘముల తీర్మానములు, అధికారులకు పెట్టుకొను దరఖాస్తులు కూర్చి ఇచ్చునవి చిన్న చిన్న డి.టి.పి. దుకాణములు. ఇట్టి దుకాణములలో కొన్నింట, కొత్త కంప్యూటరు ప్రక్కనే ఒక మూల పాతదియు నడచుచుండును. దానిలో పేజ్‌మేకరు ఉండును. పేజ్‌మేకరును ఆల్డస్ అను సంస్థ 1985లో వెలువరించినది; ఆ సంస్థ 1994లో అడోబీలో కలిసినది; 2001లో వచ్చిన ఏడవ కూర్పే దానికి కడపటిది. ఈ పేజ్‌మేకరును, 'అను' మొదలైన పేర్లుగల తెలుగు ఫాంట్లును జతకూడి మన ఊళ్ల అచ్చుపనిని చాల ఏండ్లు మోసినవి. ఇరువదేండ్లుగా కూర్చిన మ్యాటరంతయు ఆ పాత యంత్రములోనే యున్నది. దానిని పారవేయుట యనగా ఆ వ్రాతను పారవేయుటయే.

ఇట్టి యంత్రములలో ఎక్కువగా కనిపించునది 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి. దాని సంరక్షణను మైక్రోసాఫ్టు సంస్థ 2014 ఏప్రిల్ 8వ తేదీతో చాలించినది. విండోస్ 7నకు 2020 జనవరి 14తోను, విండోస్ 10నకు 2025 అక్టోబరు 14తోను సాధారణ సంరక్షణ ముగిసినది. అనగా వీనిలో లోపము కనబడినచో దిద్దుటకు తయారుచేసినవారు రారు. దిద్దుకొనవలసినవారము మనమే. అందుచేతనే ఈ సంగతి సామాన్యులకును తెలిసియుండుట మంచిది.

కంప్యూటరులోని ప్రోగ్రాములు ఉమ్మడి కుటుంబములోని అన్నదమ్ముల వంటివి. ఎవరి గది వారికున్నను బావి యొక్కటే, వాకిలి యొక్కటే, వంటయిల్లు ఒక్కటే. తగవు పుట్టునది గదులలో కాదు, ఉమ్మడి చోటులలో. కావున తగవునకు మూలము వెదకువారు ముందుగా ఉమ్మడిసొత్తు ఏదేదో తెలిసికొనవలెను.

అందు మొదటివి డి.ఎల్.ఎల్. అను పేరుగల ఫైళ్లు. తెరపై అక్షరమును గీయుట, ప్రింటరునకు పంపుట, ఫైలును తెరచుట వంటి పనులు అన్ని ప్రోగ్రాములకును కావలసినవే. ప్రతి ప్రోగ్రామును ఈ పనులను వేరుగా నేర్చుకొననక్కరలేకుండ, వానిని కొన్ని ఉమ్మడి ఫైళ్లలో ఉంచి అన్నింటికిని అందుబాటు చేసినారు. సదుపాయము మంచిదే. కాని కొత్తగా వచ్చిన ప్రోగ్రాము ఆ ఉమ్మడి ఫైలును తీసివేసి తాను తెచ్చుకొన్న కూర్పును అక్కడ పెట్టినచో, పాత కూర్పును నమ్ముకొనియున్న ప్రోగ్రాము కూలబడును. 1990ల దశకములో ఈ బాధ ఎంత ముదిరినదనగా, ప్రోగ్రాములు వ్రాయువారు దానికి 'డి.ఎల్.ఎల్. నరకము' అని పేరు పెట్టుకొన్నారు. విండోస్ 2000 నుండి సిస్టమునకు ప్రాణమువంటి ఫైళ్లకు కాపలా ఏర్పడినది. ఎక్స్.పి. వచ్చిన తరువాత ఒకే ఫైలు యొక్క వేర్వేరు కూర్పులను ప్రక్కప్రక్కన ఉంచుకొను వీలు కలిగినది. నరకబాధ తగ్గినదే కాని తీరలేదు.

రెండవ ఉమ్మడిసొత్తు కీబోర్డు. మనము మీట నొక్కినప్పుడు ఆ వార్త నేరుగా పేజ్‌మేకరునకు చేరదు. తెలుగు టైపు చేయించు ప్రోగ్రాము దారిలో కాచియుండి, ఆ వార్తను పట్టి, ఇంగ్లీషు అక్షరమునకు మారుగా తెలుగు రూపమును అందించును. ఇట్లు దారికాచు ప్రోగ్రాములు రెండు చేరినచో, ఒకటి మార్చినదానిని రెండవది మరల మార్చును. ఒకే అక్షరము రెండుమారులు పడును, గుణింతము తప్పును, ఒక్కొక్కప్పుడు వట్టి ఇంగ్లీషే వచ్చును. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడవన్న సామెత ఇక్కడ అక్షరాల సత్యము. వైరసులకు కాపలాయుండు ప్రోగ్రాములకును ఇదియే వర్తించును. రెండు కాపలాలు ఒకే ఫైలును ఒకేసారి పట్టి చూడబోవును. ఒకదానిని మరియొకటి అనుమానించును. యంత్రము నత్తనడక నడచును. కాపలా యొక్కటే చాలును.

మూడవది యంత్రము వెనుకనుండు రంధ్రములు. పూర్వము భారతీయ భాషల ప్రోగ్రాములలో కొన్నింటికి దొంగనకళ్లు తీయకుండుటకు డాంగిలు అను చిన్న తాళము నిచ్చెడివారు. ప్రింటరు తగిలించు రంధ్రమునకే ఆ తాళమును తగిలించి, దాని వెనుక ప్రింటరు తీగను తగిలింపవలెను. ప్రోగ్రాము నడుమ నడుమ ఆ తాళమును పలుకరించుచుండును. అదే దారిలో ప్రింటరుయొక్క ప్రోగ్రామును కాగితమున్నదా, సిరా యున్నదా అని ప్రింటరును పలుకరించుచుండును. ఇద్దరి మాటలు ఒకే దారిలో కలిసిపోయినప్పుడు, తాళము చోటుననే యున్నను తాళము లేదని తెలుగు ప్రోగ్రాము మొండికెత్తును.

నాలుగవది జ్ఞాపకశక్తి, అనగా మెమరీ. ఎక్స్.పి.కి 128 మెగాబైట్లున్న మేలని ఆనాడు మైక్రోసాఫ్టు చెప్పినది. నేటి బ్రౌజరొక్కటే అంతకు పలురెట్లు కోరును. మంది యెక్కువైన మజ్జిగ పలుచనయగునట్లు, ఇట్టిచోట కలుగునది తగవు కాదు, ఇరుకు. తగవునకు మందు వేరు, ఇరుకునకు మందు వేరు. ఈ రెండింటి భేదము తెలియక చేయు చికిత్స వ్యర్థము.

తెలుగువారికి వీనికి తోడు వేరొక చిక్కు కలదు. అది మన అక్షరములను గూర్చినది. పాత ఫాంటులో 256 గడులు మాత్రమే యుండెడివి. అవి ఇంగ్లీషు అక్షరములకును, గుర్తులకును ఏర్పరచిన గడులు. తెలుగు ఫాంట్లు చేసినవారు ఆ ఇంగ్లీషు రూపములను తొలగించి, వాని స్థానమున తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు మొదలైన తునుకలను అమర్చినారు. ఏ గడిలో ఏ తునుక యుండవలెనో ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా నిర్ణయించుకొన్నారు. ఆనాటికి వేరు దారి లేదు. వారి ప్రజ్ఞను మెచ్చుకొనవలసినదే. కాని ఫలితమేమి? ఫైలులో నిలిచియుండునది తెలుగు కాదు, గడుల సంఖ్యలు. ఆ ఫాంటున్నచోట అది తెలుగుగా కనబడును. లేనిచోట అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపుగా కనబడును.

దీనివలన కలుగు ఒక విచిత్రమైన తగవును చెప్పెదము. వర్డు అను ప్రోగ్రాము వాక్యము మొదట చిన్న అక్షరమున్నచో దానిని తనంతట తానే పెద్దబడి అక్షరముగా మార్చును. ఇంగ్లీషు వ్రాయువారికి అది ఉపకారము. పాత తెలుగు ఫాంటులో చిన్నబడి గడిలో ఒక తునుకయు, పెద్దబడి గడిలో వేరొక తునుకయు ఉండును. కావున వాక్యము మొదటి అక్షరము మన కన్నుల ముందే వేరొక రూపమెత్తును. టైపు చేసినవాడు తన వ్రేళ్లను తిట్టుకొనును. వ్రేళ్ల తప్పు లేదు, ఫాంటు తప్పు లేదు, వర్డు తప్పును లేదు. టూల్సు మెనూలోని ఆటోకరెక్టు అను పట్టికలో ఆ గడికి ఎదుటనున్న గుర్తును తీసివేసినంతనే తగవు తీరును. ప్రోగ్రాముల పొరపొచ్చము లనగా ఎట్టివో తెలియుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు కనబడలేదు.

ఫాంటును బట్టి మారని వ్రాతకొరకు ఏర్పడినది యూనికోడు. దాని మొదటి కూర్పు 1991లో వెలువడినది. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. క అను అక్షరము సంఖ్య 3093. ఏ దేశములో ఏ యంత్రములో చూచినను అదియే. విండోస్‌లో ఈ తెలుగు ఎక్స్.పి.తో వచ్చినది, దానితోబాటు గౌతమి అను ఫాంటును వచ్చినది. పోతన, వేమన అను పేర్లతో యూనికోడు ఫాంట్లను రూపొందించినవారు తిరుమల కృష్ణదేశికాచార్యులు. అయితే ఎక్స్.పి.లో ఒక మెలిక కలదు. కంట్రోలు ప్యానెలులో ప్రాంతీయ భాషల పట్టిక తెరచి, సంక్లిష్ట లిపుల ఫైళ్లను చేర్చుమని గుర్తుపెట్టిననే గాని వత్తులు అక్షరముల క్రిందికి దిగవు. పొల్లులు విడిగా నిలుచును. చాలమంది దీనిని చూచి ఫాంటు చెడినదని ఫాంట్లపై ఫాంట్లు చేర్చుచుందురు. చేర్చవలసినది ఫాంటు కాదు, అక్షరములను కూర్చు ఉమ్మడి భాగము.

ఆ ఉమ్మడి భాగము ఎంత ముఖ్యమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమంతటికిని తెలిసివచ్చినది. తెలుగులోని 'జ్ఞా' అను అక్షరమును ఒక ప్రత్యేకమైన క్రమములో కూర్చి సందేశముగా పంపినచో, ఐ.ఓ.ఎస్. 11 నడచుచున్న ఐఫోనులలో ఆ సందేశమును చూపు ప్రోగ్రాము కూలిపోయెను. ఒక ప్రోగ్రాము కాదు, ఆ అక్షరమును తెరపై గీయబోయిన ప్రోగ్రాములు పలు అట్లే యైనవి. జ్ఞానమునకు మొదటి అక్షరము ఇంతపని చేసినదని నాడు పత్రికలు వ్రాసినవి. నిజమునకు దోషము అక్షరమునది కాదు. అన్ని ప్రోగ్రాములకును అక్షరములను కూర్చిపెట్టు ఉమ్మడి భాగమునది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న దానిని దిద్ది 11.2.6 అను కూర్పును వెలువరించినది. అది నాటి సరికొత్త యంత్రము, తయారుచేసినవారు వెంటనే దిద్దినారు. మన మూలనున్న పాత కంప్యూటరునకు అట్టి దిక్కు లేదు.

హనుమకొండ వేయిస్తంభముల గుడిలో రుద్రదేవుని శాసనము కలదు. అది 1163 నాటిది. ఖిలా వరంగల్ రాతిగోడ లేచుటకు పూర్వపుది. ఎనిమిదివందల అరువదేండ్లు దాటినను ఆనాటి లిపి నేర్చినవారు దానిని నేడును చదువగలరు. ఏలయన అక్షరము రాతిమీదనే యున్నది. 2003లో పాత ఫాంటుతో కూర్చిన ఫైలునకు ఆ భాగ్యము లేదు. అక్షరము ఫైలులో లేదు, ఫాంటులో కలదు. ఫాంటు పోయినచో వ్రాత పోయినట్లే. కాబట్టి పాత కంప్యూటరులో ఏ తగవును తీర్చబోయినను మొదటి సూత్రము ఇది: ముందు వ్రాతను కాపాడుడు, తరువాత యంత్రము సంగతి చూడుడు.

కాపాడుట యనగా ఫైళ్లను పెన్‌డ్రైవులోనికి ఎక్కించుట మాత్రమే కాదు. ఫైళ్లతోబాటు ఆ ఫాంట్లను, ఆ తెలుగు ప్రోగ్రామును చేర్చుటకు ఇచ్చిన డిస్కును, ఏ ఫైలు ఏ ఫాంటుతో కూర్చబడినదో తెలుపు ఒక చీటీని కలిపి దాచవలెను. ఒక ప్రతి ఇంటిలో, ఒక ప్రతి వేరొకచోట ఉండవలెను. ముఖ్యమైనవానిని ఫాంటు లోపలనే యిమిడియుండునట్లు పి.డి.ఎఫ్.గా మార్చి దాచుట మరియు మేలు. అప్పుడు రూపము చెడదు. పి.డి.ఎఫ్. కంటికి మాత్రమే రక్షణ. అందు మాటలను వెదకుటకును, దిద్దుటకును వీలుకాదు. అందుకు యూనికోడులోనికి మార్చుటయే శరణ్యము. ఆ సంగతి కడపట చెప్పెదము.

ఇక తగవును కనిపెట్టు క్రమము. మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, ఏమి చెడినదని కాదు, ఏమి మారినదని. కడపటిసారి ఎప్పుడు సరిగా పనిచేసినది? ఆనాటికిని ఈనాటికిని నడుమ కొత్తగా చేర్చినదేమి, తీసివేసినదేమి? తెరపై వచ్చిన హెచ్చరికను ఉన్నదున్నట్లు కాగితముపై వ్రాసికొనుడు. "ఏదో ఇంగ్లీషులో వచ్చినది" అనుట రోగి తనకు "ఏదో చోట నొప్పి" అని వైద్యునితో చెప్పుట వంటిది.

తరువాత కంప్యూటరును సేఫ్ మోడులో వెలిగించి చూడవలెను. ఎక్స్.పి.లోను, విండోస్ 7లోను మీట నొక్కి వెలిగించినంతనే ఎఫ్ 8 మీటను పలుమారులు తట్టినచో ఆ పట్టిక వచ్చును. సేఫ్ మోడులో విండోస్ తనకు అత్యవసరమైన వానినే మేలుకొలుపును, అతిథులను నిద్రలేపదు. అక్కడ బాధ కనబడనిచో దోషి అతిథులలో నొకడని తెలియును. అక్కడను కనబడినచో సిస్టము ఫైళ్లనో, డిస్కునో, మెమరీనో అనుమానింపవలెను.

దోషి అతిథులలో నున్నాడని తెలిసిన పిమ్మట వానిని పట్టుటకు సగము సగము చేయు పద్ధతి కలదు. 'రన్' పెట్టెలో ఎమ్మెస్‌కాన్ఫిగ్ అను మాటను ఇంగ్లీషు అక్షరములలో కలిపి టైపు చేసినచో, కంప్యూటరు వెలిగినప్పుడే మేలుకొను ప్రోగ్రాముల పట్టిక వచ్చును. అందు మైక్రోసాఫ్టువానిని ముట్టుకొనక, మిగిలినవి 16 ఉన్నవనుకొందము. ఒక్కొక్కదానిని ఆపి చూచుచు పోయినచో 16 మారులు కంప్యూటరును వెలిగింపవలసి రావచ్చును. అట్లుకాక ఎనిమిదింటిని ఆపి చూడుడు. బాధ పోయినచో దోషి ఆపినవానిలో కలదు. పోనిచో నడచుచున్నవానిలో కలదు. 16 ఎనిమిదియై, ఎనిమిది నాలుగై, నాలుగు రెండై, నాలుగవ పరీక్షతో ఒక్కటి మిగులును. ఒక్కొక్కప్పుడు ఈ సగమొక్కటి నడచినను బాధ యుండదు, ఆ సగమొక్కటి నడచినను ఉండదు. రెండును కలిసినప్పుడే యుండును. అప్పుడు తగవు ఈ సగములో నొకదానికిని ఆ సగములో నొకదానికిని నడుమ కలదని గ్రహింపవలెను. ఒక సగమును పూర్తిగా నడువనిచ్చి రెండవ సగమును చీల్చుచు పోయినచో మొదటి దోషియు, వానిని నడుపుచు మొదటి సగమును చీల్చినచో రెండవవాడును దొరకుదురు.

ఈ పనిలో తప్పరాని నియమము ఒకటే. ఒకమారు ఒక మార్పునే చేయుడు. చేసిన ప్రతి మార్పును వ్రాసికొనుడు. తొందరపడి ఒకేసారి మూడు మార్పులు చేసినచో, బాధ పోయినను ఏ మార్పుచేత పోయినదో తెలియదు. రేపు మరల వచ్చినప్పుడు మరల మొదటికే రావలసియుండును.

మేమెరిగిన ఒక దుకాణపు సంగతి చెప్పెదము. అది కోటవాడలలోనిది. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కోటలోని గుళ్లు, బావులు, బురుజుల కథలను ముసలివారి నోటినుండి సేకరించి వ్రాసిన పుస్తకము నాలుగువందల పుటలు అందు పాత ఫాంటుతో కూర్చబడి, అచ్చునకు పోవలసియున్నది. ఆ సమయమున యంత్రము మొరాయించినది. అక్షరములు రెండేసి పడుచున్నవి, అచ్చు తీయబోవుసరికి తాళము లేదనుచున్నది, అంతయు నిదానించినది. చూడవచ్చిన పనివాడొకడు వైరసు పట్టినది, ఫార్మాటు చేయుదమన్నాడు. ఫార్మాటు చేయుట యనగా డిస్కునంతయు తుడిచివేయుట. ఎలుకలున్నవని యింటికి నిప్పుపెట్టుకొనుట వంటిది. ఆ పుస్తకమునకు వేరొక ప్రతి లేదు.

ముందుగా పుస్తకమును, ఫాంట్లను రెండు చోటుల దాచించినాము. తరువాత ఏమి మారినదని అడుగగా, నెలలోపల మూడు వస్తువులు వచ్చి చేరినవని తేలినది: యూనికోడు తెలుగు కీబోర్డు ఒకటి, రెండవ వైరసు కాపలా ఒకటి, ఒక మిత్రుడిచ్చిన ప్రింటరొకటి. సేఫ్ మోడులో వెలిగింపగా నిదానము పోయినది. ఒక్కొక్కటి వేరుచేసి చూడగా ఉన్నది ఒక రోగము కాదు, మూడు. అక్షరములు రెండేసి పడుట కీబోర్డుల తగవు. ఒకటి నిద్రపోయినప్పుడే రెండవది మేలుకొనునట్లు ఏర్పాటు చేయుటతో పోయినది. నిదానము కాపలాల తగవు. కంట్రోలు ప్యానెలు ద్వారా ఒకదానిని తొలగించుటతో పోయినది. తాళము మాయమగుట ప్రింటరు తగవు. సిరా కాగితముల క్షేమము కనుగొను దాని సహాయక ప్రోగ్రామును ఆపినంతనే తాళము కనబడినది. మూడు చిన్న తగవులు ఒకేసారి వచ్చుటచే ఒక మహారోగమువలె తోచినది. వైరసు మాటయే లేదు. ఉపాధ్యాయుని పుస్తకము నిలిచినది.

కొన్ని బాధలు తగవులవలె కనబడును గాని తగవులు కావు. పాత కంప్యూటరు తల్లిపలకమీద గడియారమునకు రూపాయి బిళ్లవంటి మూడు వోల్టుల బ్యాటరీ యొకటి యుండును. అది అయిపోయినచో యంత్రము ఆర్పి వెలిగించినప్పుడెల్ల తేదీ వెనుకకు పోవును. అప్పుడు వెబ్‌సైట్ల ధ్రువపత్రములు చెల్లవని బ్రౌజరు అనును. గడువుగల ప్రోగ్రాములు తెరచుకొనవు. చూచువారు ఏ ప్రోగ్రాము దేనితో తగవుపడినదో యని వెదకుచుందురు. తెరమూలనున్న తేదీని ఒకమారు చూచుకొన్నచో చాలును. లోపలి గాలిపంకకు దుమ్ము పట్టి యంత్రము వేడెక్కుటయు, మెమరీ పలక వదులగుటయు ఇట్టివే. కావున పరీక్షకు ముందు తేదీ చూడుడు, దుమ్ము దులుపుడు.

చేయకూడనివియు కొన్ని కలవు. ప్రోగ్రాము వలదనుకొన్నచో దాని ఫోల్డరును చెరిపివేయరాదు; రిజిస్ట్రీ అను ఉమ్మడి చిట్టాలో దాని పేరు మిగిలి, లేనివానిని విండోస్ పిలుచుచునే యుండును. తొలగించు మార్గము కంట్రోలు ప్యానెలులోనే కలదు. ఒక డి.ఎల్.ఎల్. ఫైలు లేదని హెచ్చరిక వచ్చినచో, ముక్కు మొగము తెలియనివారి వెబ్‌సైటునుండి దానిని తెచ్చి పెట్టరాదు. అసలు డిస్కునుండి ప్రోగ్రామును మరల చేర్చుకొనవలెను. సంరక్షణ ముగిసిన పాత యంత్రమును ఇంటర్నెటునకు దూరముగా ఉంచుట క్షేమము.

పాత యంత్రమును ఎన్నాళ్లు కాచినను, ఒకనాడు అది వెలుగదు. ఆ నాటికి వ్రాత దానినుండి బయటపడియుండవలెను. పాత ఫాంట్ల వ్రాతను యూనికోడులోనికి మార్చు సాధనములు కలవు. నాగార్జున వెన్న రచించిన 'పద్మ' అనునది, పాత ఫాంట్లతో నడచిన తెలుగు వెబ్ పత్రికలను ఫైర్‌ఫాక్సు బ్రౌజరులో యూనికోడుగా మార్చి చూపెడిది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్సు 57వ కూర్పు పాతపద్ధతి అనుబంధములను అన్నింటిని మానివేసినది. దానితో అట్టివాని దారి మూసికొనిపోయినది. తగవును తీర్చు సాధనమునకును తగవు తప్పలేదు. అందుచేత మార్చు పని నేటి సాధనము ఉన్నప్పుడే చేసికొనుట వివేకము. మార్చిన తరువాత సంయుక్తాక్షరములను, అంకెలను, ఊళ్ల పేర్లను పాత అచ్చుప్రతితో పోల్చి చదువవలెను. ఈ పోల్చుట యంత్రము చేయజాలదు. తెలుగు తెలిసినవాని కన్ను కావలెను.

పాత కంప్యూటరుగల ప్రతివారును దానిప్రక్కన ఒక నోటుపుస్తకమును ఉంచుకొనవలెనని మా మనవి. ఏ తేదీన ఏమి చేర్చినారు, ఏమి తీసివేసినారు, ఏ హెచ్చరిక వచ్చినది, దేనిచేత పోయినది అని అందు వ్రాయుచుండుడు. తగవు వచ్చిననాడు ఆ పుస్తకములోని కడపటి నాలుగు పంక్తులలోనే దోషి పేరు ఉండుట కద్దు. ఆ పుస్తకమును చదువుటకు ఏ ఫాంటును అక్కరలేదు.